చిలుము

పోయిన సంవత్సరం జులైలో ఒక రోజు రాత్రి హాస్టల్లో ఉండగా నాన్న ఫోన్ చేశారు. "ఒరేయ్, బండి లాగట్లేదురా" అన్నారు. అదేదో జ్వరం వచ్చిన మనిషి గురించి అన్నట్టు "సింప్టమ్స్ ఏంటి నాన్నా?" అని అడిగాను. ఆయన కాసేపు ఆలోచించి, "పడుకున్న ముసలి ఎద్దు లేచినట్టు లేస్తోంది. లేచాక బానే పోతోంది. డి లోకి వేసినప్పుడు మాత్రం వెనకనుంచి ఎవరో తన్నినట్టుంది" అన్నారు.

నేను సీఎస్ స్టూడెంట్‌ని. ఎవరైనా ఇలాంటి బగ్ రిపోర్ట్ పంపిస్తే మా ల్యాబ్‌లో నవ్వుతారు. ఎర్రర్ మెసేజ్ లేదు, స్క్రీన్‌షాట్ లేదు, ఎద్దు మాత్రం ఉంది. కానీ తర్వాత తెలిసింది, ఆ మూడు వాక్యాల్లో రోగం మొత్తం ఉందని. చదవడం రానిది నాకే.

ముందు బండి గురించి చెప్పాలి. 2011 మోడల్, నాలుగు గేర్ల ఆటోమేటిక్. 2017లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాం. కంపెనీ పేరు అనవసరం, దాని తప్పేమీ లేదు. నాన్నకి చిన్నప్పుడే పోలియో వచ్చింది, ఎడమకాలు పనిచేయదు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఆయన వెనక రెండు చక్రాలు అదనంగా బిగించిన స్కూటర్ మీదే తిరిగేవారు. వానొస్తే తడిసేవారు, ఎండొస్తే మాడేవారు. ఆటోమేటిక్ కారులో క్లచ్ ఉండదు, ఎడమకాలికి పనే లేదు. అందరిళ్ళలో ఆటోమేటిక్ అంటే లగ్జరీ. మా ఇంట్లో దానికి వేరే అర్థం. కొన్న రోజు అమ్మనీ నన్నూ ఎక్కించుకుని విజయవాడ నుంచి బందరు దాకా వెళ్ళి, బీచ్ కూడా చూడకుండా, టీ తాగి వెనక్కి వచ్చేశారు. ఆ రోజు పని నడపడమే.

ఈ బండి 2024 సెప్టెంబరులో బుడమేరు వరద వచ్చినప్పుడు నాలుగు రోజులు నీళ్ళలో నిలబడింది. మాది సింగ్ నగర్ పక్కన. మా వీధి కాస్త ఎత్తు కాబట్టి చక్రాలు మునిగి ఆగింది, అవతలి వీధిలో కార్లు టాపు దాకా మునిగాయి. ఎందుకు నిలబడింది అనేది తర్వాత చెప్తాను. నీళ్ళు తీశాక స్టార్ట్ చెయ్యకుండా లాక్కెళ్ళి, ఇంజన్ ఆయిల్ మార్పించి, మ్యాట్లు పీకి ఎండబెట్టాం. వాసన పోవడానికి రెండు నెలలు పట్టింది. తర్వాత పది నెలలు ఏ గోలా లేకుండా తిరిగింది. అందుకే ఈ సమస్యకీ ఆ వరదకీ సంబంధం ఉంటుందని నాకు తట్టనే లేదు.

ఆ వీకెండ్ ఇంటికొచ్చాను. చేతిలో ఆన్‌లైన్‌లో ఏడొందలకి కొన్న డాంగిల్. స్టీరింగ్ కింద ఉండే పోర్టులో గుచ్చి, బ్లూటూత్‌తో ఫోన్‌కి కలిపితే కారు కంప్యూటర్ తన ఎర్రర్ కోడ్స్ చెప్తుంది. నేను చాలా గొప్పగా ఫీలయ్యి, నాన్నని పక్కన కూర్చోబెట్టి స్కాన్ కొట్టాను. పి 0700 అని వచ్చింది.

పి 0700 అంటే ఏంటో తెలుసా? "ట్రాన్స్‌మిషన్ కంట్రోల్ సిస్టమ్‌లో ఏదో తేడా ఉంది." అంతే. గేర్‌బాక్స్‌కి వేరే కంప్యూటర్ ఉంటుంది. అది ఇంజన్ కంప్యూటర్‌తో "నాకు బాలేదు, లైటు వెలిగించు" అని చెప్తుంది. ఎక్కడ నొప్పో దానికి మాత్రమే తెలుసు. నా ఏడొందల డాంగిల్‌కి ఇంజన్‌తోనే మాట్లాడటం వచ్చు, గేర్‌బాక్స్ గదిలోకి రానివ్వరు. అంటే నేను అంత హడావుడి చేసి కనుక్కున్నది, నాన్న ఫోన్‌లో చెప్పినదాని కన్నా తక్కువ.

"ఏం చెప్పిందిరా?" అన్నారు నాన్న.

"గేర్‌బాక్స్‌లో ప్రాబ్లం అంట."

"అవునా" అన్నారు, నవ్వకుండా.

సోమవారం సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్ళారు. నేను క్లాస్‌లో ఉంటే వాట్సాప్‌లో ఎస్టిమేట్ ఫొటో పంపించారు. గేర్‌బాక్స్ అసెంబ్లీ, లేబర్, టాక్స్ కలిపి లక్షా అరవై ఐదు వేలు. బండి అమ్మితే రెండు లక్షలు రావడం కష్టం. అక్కడి అడ్వైజర్ మర్యాదగానే చెప్పాడట, "వరద బండి సార్, ఇంత పెట్టడం దండగ, ఎక్స్‌ఛేంజ్‌లో ఇచ్చెయ్యండి" అని. నాన్న నాకు ఫోన్ చేసి, "పోన్లేరా, స్కూటర్ ఉందిగా, దాన్ని బాగుచేయించుకుంటా" అన్నారు. ఎంత మామూలుగా అన్నారంటే, నాకు ఆ రాత్రి నిద్రపట్టలేదు.

నిద్రపట్టక చదివాను. ఈ ముక్క కొంచెం టెక్నికల్, ఇష్టం లేనివాళ్ళు దూకెయ్యొచ్చు, కానీ దూకితే మంచి విషయం మిస్సవుతారు.

మామూలు బండిలో ఇంజన్‌నీ గేర్‌బాక్స్‌నీ కలిపేది, విడదీసేది క్లచ్. మా బండిలాంటి దాంట్లో ఆ చోట టార్క్ కన్వర్టర్ ఉంటుంది. రెండు టేబుల్ ఫ్యాన్‌లు ఎదురెదురుగా పెట్టి ఒకదానికే కరెంటు ఇస్తే, ఆ గాలికి రెండోది కూడా తిరుగుతుంది కదా. గాలి బదులు ఆయిల్ అనుకోండి. మధ్యలో ఇంకో చిన్న చక్రం ఉండి, తిరిగొచ్చే ఆయిల్‌ని సరైన దిక్కుకి మళ్ళించి, బయల్దేరేటప్పుడు బలం పెంచుతుంది. దీన్ని 1905లో పేటెంట్ చేసిన హెర్మన్ ఫెటింగర్ అనే జర్మన్ ఇంజనీర్ ఓడల కోసం చేశాడు, కార్ల కోసం కాదు. అమెరికాలో పెద్ద ఎత్తున తయారైన మొదటి ఆటోమేటిక్ గేర్‌బాక్స్, హైడ్రామాటిక్, 1940 మోడల్ ఓల్డ్స్‌మొబైల్ కార్లలో వచ్చింది.

1940 అంటే కంప్యూటర్ లేదు. మరి ఎప్పుడు గేరు మార్చాలో ఎవరు నిర్ణయించేవారు? ఆయిలే. గేర్‌బాక్స్‌లో వాల్వ్ బాడీ అని ఒక అల్యూమినియం పలక ఉంటుంది. ఫొటో చూస్తే సంక్రాంతికి మా అమ్మమ్మ వేసే మెలికల ముగ్గు గుర్తొచ్చింది, అన్ని కాలువలు. బండి వేగం పెరిగేకొద్దీ ఒక వైపు నుంచి ఆయిల్ ప్రెషర్ పెరుగుతుంది. మనం యాక్సిలరేటర్ తొక్కేకొద్దీ ఇంకో వైపు నుంచి పెరుగుతుంది. మధ్యలో స్ప్రింగుతో ఒక చిన్న వాల్వు. ఎటు గెలిస్తే అటు జరుగుతుంది, గేరు మారుతుంది. అది ఇఫ్-ఎల్స్ కదా! ఎవరో ఆయిల్‌తో ప్రోగ్రామ్ రాశారు. మాకు ఫస్టియర్‌లో సీ లాంగ్వేజ్ చెప్పినప్పుడు ఇది చూపించి ఉంటే నేను ముందు బెంచీలో కూర్చునేవాణ్ణి.

మా బండి వయసు వాటిల్లో ఆ వాల్వుల్ని కదిపేది కరెంటు సోలనాయిడ్లు, వాటిని నడిపేది కంప్యూటర్. ఆ కంప్యూటర్‌కి ఏ సెన్సార్ మీదైనా నమ్మకం పోతే సోలనాయిడ్లకి కరెంటు ఆపేసి చేతులెత్తేస్తుంది. అప్పుడు ఇలాంటి చాలా గేర్‌బాక్సులు మూడో గేరులో ఉండిపోతాయి, ఆయిల్ ప్రెషర్ పూర్తిగా పెరిగిపోతుంది. గేర్‌బాక్స్ పాడవకుండా, మనిషి ఎలాగోలా ఇంటికి చేరడానికి పెట్టిన ఏర్పాటు. లింప్ మోడ్ అంటారు, అంటే కుంటుతూ నడవడం.

తెల్లవారుజామున మూడింటికి ఇది చదివి లేచి కూర్చున్నాను. మూడో గేరులో బయల్దేరితే ముసలి ఎద్దులాగే లేస్తుంది. వేగం అందుకున్నాక బానే పోతుంది. ప్రెషర్ ఎక్కువుంటే డి లోకి వెయ్యగానే తన్నుతుంది. నాన్నకి ఫోన్ చేసి "నాన్నా, బండి ఆపి, మళ్ళీ స్టార్ట్ చేస్తే కాసేపు బాగుంటోందా?" అని అడిగాను. నిద్రమత్తులో "ఆఁ, కాసేపు బాగుంటుంది, మళ్ళీ స్పీడ్ బ్రేకర్ ఎక్కితే మొదలు. ఎందుకురా, ఇప్పుడు టైమెంత?" అన్నారు.

లోపల క్లచ్ ప్లేట్లు అరిగిపోతే స్పీడ్ బ్రేకర్‌తో దానికేం పని?

ఆదివారం ఇద్దరం ఆటోనగర్ వెళ్ళాం. విజయవాడ వాళ్ళకి చెప్పక్కర్లేదు, మిగతావాళ్ళ కోసం: లారీ చాసిస్ దగ్గర్నుంచి సైలెన్సర్ దాకా అక్కడ దొరకని పార్టు, చెయ్యని రిపేరు ఉండదంటారు. నాన్న ఆఫీసులో ఎవరో ఆటోమేటిక్ గేర్‌బాక్సులు చూసే ఒకాయన అడ్రస్ ఇచ్చారు. అందరూ భాయ్ అనే పిలుస్తున్నారు, యాభై ఏళ్ళుంటాయి. రామవరప్పాడు రింగ్ దాటాక బండి మళ్ళీ కుంటడం మొదలుపెట్టింది కాబట్టి, రోగం చూపించడానికి సరిగ్గా సరిపోయింది.

నేను ముందుగానే మాట్లాడేశాను. లింప్ మోడ్, సోలనాయిడ్, ఫెయిల్‌సేఫ్, సెన్సార్ సర్క్యూట్. భాయ్ ఓపిగ్గా విని, నాన్న వైపు తిరిగి, "మీరు చెప్పండి సార్, నడిపేది మీరు కదా" అన్నారు. నాన్న ఎద్దు సంగతి, తన్నుడు సంగతి, స్పీడ్ బ్రేకర్ సంగతి చెప్పారు. భాయ్ మధ్యలో ఒక్కటే అడిగారు, "రివర్స్ పడుతోందా?" పడుతోంది.

తర్వాత ఆయన చేసిన మొదటి పని స్కానర్ తియ్యడం కాదు. ఇంజన్ ఆన్‌లో ఉంచి, లివర్‌ని పి నుంచి కిందదాకా ఒక్కో చోటా ఆపుతూ తిప్పి, మళ్ళీ పి లో పెట్టి, ఆయిల్ గేజి బయటికి లాగి తెల్ల గుడ్డ మీద తుడిచారు. వాసన చూశారు. నాకూ చూపించారు. "కొత్తది ఎర్రగా ఉంటది. కాలిపోతే నల్లగా, మాడు వాసన. నీళ్ళు కలిసిందనుకో, రోజ్‌మిల్క్. రోజ్‌మిల్క్ కనపడితే నేను పట్టుకోను, ఇంటికి పంపించేస్తా." లోపల క్లచ్ ప్లేట్లకి ఉండేది కాగితంలాంటి లైనింగ్, జిగురుతో అంటిస్తారు, నీళ్ళు తగిలితే ఊడిపోతుంది. ఆ గుడ్డ వైపు చూస్తూ నేను ఊపిరి బిగబట్టాను. మాది డికాక్షన్ రంగులో ఉంది. పాతబడింది, అంతే. మాడు వాసన లేదు.

"వరదలో ఉందా?" అన్నారు భాయ్. మేం చెప్పలేదు. ఇంజన్ వెనక రేకు మీద సన్నటి బురద గీత, ఏడాదైనా పోలేదు. ఆయన దాన్ని వేలితో చూపించారు. గేర్‌బాక్స్ లోపలికి గాలి పోవడానికి ఒక బ్రీదర్ గొట్టం ఉంటుంది, దాని మూతి ఆ గీత కన్నా బెత్తెడు పైన ఉంది. అందుకే నీళ్ళు లోపలికి పోలేదు. "ఎన్ని రోజులు?"

"నాలుగు" అన్నారు నాన్న.

"అయ్యో. ముందే ఎత్తు మీద పెట్టుకోవాల్సింది కదా సార్."

ఇక్కడ చెప్పాలి. ఆగస్టు 31, శనివారం. పొద్దుటి నుంచి వాన. రాత్రి పదింటికి వీధిలో నీళ్ళు నిలబడటం చూసి నాన్న, "ఒరేయ్, బండి తీసుకెళ్ళి ఫ్లైఓవర్ ఎక్కే దగ్గర పెట్టిరారా" అన్నారు. ఆయన ఆ కాలితో నీళ్ళలో నడిచి రాలేరు. నాకు లెర్నర్స్ వచ్చి నెలైంది, కాలేజీ మొదలై కొద్ది రోజులే, శని ఆదివారాలు ఇంట్లోనే ఉండేవాణ్ణి. నేను గేమ్‌లో ఉన్నాను, నలుగురం ఆన్‌లైన్‌లో. "పొద్దున్నే పెడతాలే నాన్నా" అన్నాను. పొద్దున్న లేచేసరికి నీళ్ళు గేటు లోపలికి వచ్చేశాయి. ఆ తర్వాత నాలుగు రోజులు మేడ మీది నుంచి బండిని చూస్తూ కూర్చున్నాం. పాల ప్యాకెట్ల కోసం, మంచినీళ్ళ కోసం అరిచాం, పక్కింటివాళ్ళతో అన్నం పంచుకున్నాం, అవన్నీ చాలామంది రాశారు. నేను ఇది మాత్రం ఎవరికీ చెప్పలేదు. నాన్న కూడా ఆ మాట ఎత్తలేదు, ఒక్కసారి కూడా.

భాయ్ అడిగినప్పుడు నేను నేల వైపు చూశాను. నాన్న, "ఎక్కడండీ, రాత్రికి రాత్రి వచ్చేసింది. ఎవరికీ తెలీలేదు" అన్నారు.

బండిని లిఫ్ట్ ఎక్కించారు. భాయ్ స్కానర్‌కి గేర్‌బాక్స్ గదిలోకి అనుమతి ఉంది. అది పి 0720 అని చెప్పింది: అవుట్‌పుట్ స్పీడ్ సెన్సార్ సర్క్యూట్. నేను వెంటనే "సెన్సార్ మార్చాలా?" అన్నాను. "సెన్సార్ అందా? సర్క్యూట్ అంది. సరిగా చదువు" అన్నారు. ఇంగ్లీష్ మీడియం వాణ్ణి నేను! స్కానర్ నా చేతిలో పెట్టి, "నంబర్ చదువుతూ ఉండు" అన్నారు. కుర్రాడొకడు డ్రైవర్ సీట్లో కూర్చుని కోడ్ చెరిపి, స్టార్ట్ చేసి, డి లో పెట్టాడు. గాల్లో ముందు చక్రాలు తిరుగుతున్నాయి. భాయ్ కిందకి వెళ్ళి ఒక్కో వైరూ పట్టుకుని మెల్లగా కదుపుతున్నారు. నేను పైనుంచి అరుస్తున్నాను. మూడొందల డెబ్భై. మూడొందల డెబ్భై. మూడొందల అరవై ఎనిమిది. డెబ్భై. జీరో.

"ఏమన్నావ్?"

"జీరో భాయ్! మళ్ళీ వచ్చింది. జీరో!"

ఠక్కుమని గేర్‌బాక్స్ తన్నింది, నాన్న చెప్పిన తన్నుడే. చక్రాలు తిరుగుతూనే ఉన్నాయి, కంప్యూటర్‌కి మాత్రం బండి ఆగిపోయింది. నా కాలేజీ లైఫ్‌లో ఏ ప్రోగ్రామ్ రన్ అయినప్పుడూ అంత ఆనందం కలగలేదు.

భాయ్ ఇంజన్ ఆపించి, సెన్సార్ దగ్గరి కప్లర్ ఊడదీసి నాకు చూపించారు. లోపల పిన్నుల మీద ఆకుపచ్చ పొడి. "చిలుము" అన్నారు. నాకు ఆ మాట తెలీదు. కరోజన్ తెలుసు, కెమిస్ట్రీలో ఈక్వేషన్ కూడా రాస్తాను. "తుప్పా?" అన్నాను. "తుప్పు ఇనుముకి. రాగికి, ఇత్తడికి పట్టేది చిలుము" అన్నారు నాన్న పక్కనుంచి. "మీ అమ్మమ్మ చింతపండు పెట్టి బిందెలు తోమేది చూళ్ళేదూ, దాని కోసమే." చూశాను. దానికొక పేరుందని నాకు ఎవరూ చెప్పలేదు, నేను అడగలేదు.

నీళ్ళు ఆ కప్లర్‌లోకి వెళ్ళి నాలుగు రోజులు ఉన్నాయి. తర్వాత పది నెలలు చిలుము తన పని తాను చేసుకుంటూ పోయింది. భాయ్ కటింగ్ ప్లేయర్‌తో వైరు తొడుగు కొంచెం ఒలిచారు, లోపల రాగి నల్లబడి ఉంది. ఇంకొంచెం ఒలిచారు, అక్కడా నలుపే. తడి తొడుగు కింద నుంచి పాక్కుంటూ పోయిందట. జానెడు కోశాక గానీ ఎర్రటి రాగి కనపడలేదు. కప్లర్ మాత్రం శుభ్రం చేసి వదిలేసి ఉంటే రెండు నెలల్లో మళ్ళీ వచ్చేవాళ్ళం. కొత్త వైరు సోల్డరింగ్ చేసి, స్లీవ్ తొడిగి వేడి చేసి బిగించారు, కొత్త కప్లర్ వేశారు. చుట్టుపక్కల ఇంకో రెండు కప్లర్లు కూడా విప్పి చూసి శుభ్రం చేశారు.

ఆయిల్ కూడా మార్చమన్నాను, పూర్తిగా ఒకేసారి. భాయ్ ఒప్పుకోలేదు. కింద బోల్టు విప్పితే కొంతే వస్తుంది, మిగతాది టార్క్ కన్వర్టర్‌లోనే ఉండిపోతుంది. "ఇప్పుడొకసారి, ఓ అయిదొందల కిలోమీటర్లు తిరిగాక ఇంకోసారి. పాత బాక్సుని కంగారు పెట్టకూడదు" అన్నారు. డబ్బాలో ఏ ఆయిల్ పడితే అది పొయ్యరు, ఆ బండి పుస్తకంలో రాసిన గ్రేడే తెప్పించారు. అన్నీ కలిపి నాలుగు వేల రెండొందలు. అందులో ఆయిలే మూడు వేలు. లక్షా అరవై ఐదు వేల కాగితం నాన్న జేబులోనే ఉంది. భాయ్‌కి చూపిస్తే తిట్టలేదు, "వాళ్ళకి విప్పి చూసే టైం ఉండదు సార్" అన్నారు.

తిరిగొచ్చేటప్పుడు నాన్నే నడిపారు. దారిలో కనపడిన ప్రతి స్పీడ్ బ్రేకర్ మీదా కావాలని కొంచెం గట్టిగానే ఎక్కించారు. బెంజ్ సర్కిల్ దాటాక నేను, "నాన్నా, ఆ రోజు నువ్వు పెట్టి రమ్మన్నావు" అన్నాను. ఆయన రోడ్డు మీంచి చూపు తిప్పకుండా, "రెండో గేరు పడింది చూశావా, తెలియను కూడా తెలియలేదు" అన్నారు.

అక్టోబరులో మొంథా తుపాను వస్తోందన్నారు. 28న తీరం దాటుతుందని, కాలేజీకి సెలవులిచ్చారు. నేను ముందు రోజే ఇంటికొచ్చి, ఎవరూ చెప్పకముందే తాళం తీసుకుని బండిని ఫ్లైఓవర్ ఎక్కే చోట, ఎత్తు మీద పెట్టాను. అప్పటికి వాన సన్నగా పడుతోంది. అక్కడ అప్పటికే పది పదిహేను కార్లు వరసగా ఉన్నాయి, మా వీధి వాళ్ళవి కూడా. గొడుగు వేసుకుని నడుచుకుంటూ వస్తుంటే ఫోన్ మోగింది.

"ఎక్కడ పెట్టావురా?"

చెప్పాను.

"వాలు కదా అది. ముందు హ్యాండ్‌బ్రేక్ వేసి తర్వాత పి లో పెట్టావా, ముందే పి లో పెట్టేశావా?"

పి లో బండిని ఆపి ఉంచేది గేర్‌బాక్స్ లోపల ఒక చిన్న పన్ను, వాలు మీద బరువంతా దాని మీద వెయ్యకూడదు. ఆయన నాకు ఇది కనీసం ఇరవై సార్లు చెప్పారు. నేను సగం దారిలో ఉన్నాను. వాన పెద్దదవుతోంది.

"ఒక్క నిమిషం నాన్నా" అని వెనక్కి తిరిగాను.